టమాటాలు, క్యాప్సికం, వంకాయలు గుట్టలుగా మిగిలాయా? సోఫ్రీతో చేయాలా, పిస్తోనా, సాంఫైనానా, ఎస్కలివాదానా

ఆగస్టు వచ్చిందంటే స్పెయిన్‌లో పెరటి తోట ఉన్న ఇళ్లలో ఒకటే గోల. టమాటాలన్నీ ఒకే వారంలో పండుతాయి, జుకీని (కీరలా కనపడే కూరకాయ) రాత్రికి రాత్రి మూరెడు పెరుగుతుంది, క్యాప్సికం కోసినకొద్దీ వస్తుంది, పంచుదామంటే పక్కింటివాళ్ల పరిస్థితీ అదే. అమెరికాలో పెరడు వేసుకున్న మనవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. మదనపల్లె మార్కెట్లో ధర పడిపోయిన వారం పెట్టె కొనేసి, ఇంటికొచ్చాక తల పట్టుకున్నవాళ్లకీ తెలుసు.

స్పెయిన్ వాళ్లు దీనికి వాడే దారి సోఫ్రీతో. ఉల్లి, టమాటా, వెల్లుల్లిని ఆలివ్ నూనెలో సన్న సెగ మీద చాలాసేపు మగ్గించి, ముద్దలా దగ్గరపడనిచ్చి, తర్వాత చేసే అన్నాలకీ పప్పులకీ పులుసులకీ దాన్నే పునాదిగా వేసుకుంటారు. ఇక్కడే చాలామంది తికమకపడతారు. మిగిలిన కూరగాయలన్నీ తరిగి ఒకే గిన్నెలో పడేస్తే సోఫ్రీతో అయిపోతుందనుకుంటారు. అవ్వదు. స్పెయిన్‌లోనే ఒక్కో కూరగాయల గుంపుకి ఒక్కో వంటకం ఉంది, పైన పేరు చెప్పిన పిస్తో, సాంఫైనా, ఎస్కలివాదా అలాంటివే, మీ దగ్గర ఏది ఎక్కువగా ఉందో దాన్నిబట్టి ఎంచుకుంటే సగం పని తేలికవుతుంది.

ఇంకో మాట. నెట్‌లో సోఫ్రీతో అని వెతికితే ప్యుర్టోరికో వాళ్లది కూడా వస్తుంది. అది పచ్చి ఆకులు, చిన్న తీపి మిరపలు, ఉల్లి, వెల్లుల్లి కలిపి రుబ్బే పచ్చటి ముద్ద. మంచిదే కానీ ఇక్కడ మాట్లాడేది దాని గురించి కాదు.

## ముందు చూసుకోవాల్సినవి

నీళ్లు పోయాక ఏం మిగులుతుంది? టమాటాలో దాదాపు 95 శాతం నీళ్లే, జుకీనిలోనూ అంతే, క్యాప్సికం, వంకాయ 92 దగ్గర, ఉల్లి 89 దగ్గర ఉంటాయి. అంకెల్లో పెద్ద తేడా లేదు. తేడా అంతా ఆ నీళ్లు ఆవిరయ్యాక గిన్నెలో ఏం మిగిలిందన్న దగ్గరే ఉంది. ఉల్లి నుంచి తీపి మిగులుతుంది, టమాటా నుంచి పులుపూ చిక్కదనమూ మిగులుతాయి, రెండూ ముద్దలో కరిగిపోతాయి. జుకీని నుంచి మిగిలేది రుచిలేని మెత్తటి పీచు. వంకాయేమో నీళ్లు పోయేలోపు నూనెంతా తాగేసి కూర్చుంటుంది. అందుకే మొదటి రెండూ పునాదికి, చివరి రెండూ వేరే వంటకానికి.

తర్వాత దేనికి వాడతారు? ఈరోజే తినేయాలంటే ఒక లెక్క, మూడు నెలలపాటు ఫ్రీజర్లో పెట్టి రకరకాల వంటలకి తీసి వాడాలంటే ఇంకో లెక్క. రుచి ఎంత సాదాగా ఉంటే అన్ని చోట్ల ఇముడుతుంది.

పొయ్యి దగ్గర ఎంతసేపు ఉండగలరు? గ్యాస్, ఓపిక రెండూ.

నూనె. ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ ఆలివ్ నూనె తీసేది స్పెయిన్, వాళ్లు ధారాళంగా పోస్తారు. మనకి అది ఖరీదు. సన్‌ఫ్లవర్ నూనె సగం కలిపితే తప్పేం లేదు, స్పెయిన్ ఇళ్లలో కూడా వేపుళ్లకి అది వాడతారు. వేరుశెనగ నూనె వాసన మాత్రం పైకి వస్తుంది, నువ్వుల నూనె అసలే వద్దు.

నిల్వ. దీని గురించి కింద విడిగా చెప్తాను, ఎందుకంటే మన పచ్చళ్ల అలవాటు ఇక్కడ పనికిరాదు, ప్రమాదం కూడా.

| రకం | ఏవి మిగిలితే | సమయం | నూనె | ఫ్రీజర్లో |
|---|---|---|---|---|
| మామూలు సోఫ్రీతో | టమాటా, ఉల్లి | గంటన్నర దాకా | మధ్యస్థం | చాలా బాగుంటుంది |
| కాటలాన్ నల్ల ఉల్లి సోఫ్రీతో | ఉల్లి ఎక్కువ, టమాటా తక్కువ | 2 గంటలు, పైన కూడా | ఎక్కువ | చాలా బాగుంటుంది |
| తీపి మిరప సోఫ్రీతో | క్యాప్సికం, టమాటా | గంటన్నర | మధ్యస్థం | బాగుంటుంది |
| పిస్తో | జుకీని, క్యాప్సికం, టమాటా | గంట | మధ్యస్థం | ఫర్వాలేదు, మెత్తబడుతుంది |
| సాంఫైనా | వంకాయ, ఇంకా పైవన్నీ | గంటంబావు | ఎక్కువ | ఫర్వాలేదు |
| ఎస్కలివాదా | వంకాయ, ఎర్ర క్యాప్సికం, ఉల్లి | ఓవెన్లో గంట, మీ పని పావుగంట | చాలా తక్కువ | తొక్క తీసి పెడితే బాగుంటుంది |

## మామూలు సోఫ్రీతో: తేల్చుకోలేకపోతే ఇదే

కిలో టమాటాలకి అరకిలో ఉల్లి, రెండు మూడు వెల్లుల్లి రెబ్బలు, 100 మిల్లీలీటర్ల నూనె, ఉప్పు. అంతే. ఉల్లిని సన్నగా తరగండి, మిక్సీలో వేయొద్దు. పచ్చి ఉల్లి రుబ్బితే చేదెక్కుతుంది, పైగా అది మగ్గదు, ఉడుకుతుంది. నూనె వేడెక్కాక ఉల్లి, చిటికెడు ఉప్పు వేసి సన్న సెగ మీద ముప్పావుగంట వదిలేయండి. అప్పుడప్పుడు కలిపితే చాలు. రంగు బంగారంలోకి వచ్చి, గరిటెతో నొక్కితే నలిగిపోవాలి. పెద్ద మంట మీద పది నిమిషాల్లో ఎర్రగా వేయించిన ఉల్లి వేరు, ఇది వేరు, అందులో అంచులు మాడతాయి, లోపల పచ్చివాసన అలాగే ఉంటుంది. మగ్గాక వెల్లుల్లి వేసి ఒక్క నిమిషం, ఆ తర్వాత టమాటా.

టమాటా తొక్క తీయడానికి వేడినీళ్లలో ముంచే తతంగం అక్కర్లేదు. స్పెయిన్ ఇళ్లలో చేసే పద్ధతి ఇంతకన్నా సులువు: టమాటాని అడ్డంగా రెండు ముక్కలు చేసి, కోసిన వైపు తురుము పీట మీద రుద్దితే గుజ్జంతా కిందికి పోతుంది, తొక్క చేతిలో మిగులుతుంది. కిలో టమాటాలకి పది నిమిషాలు కూడా పట్టదు.

గుజ్జు వేశాక మళ్లీ అరగంట నుంచి ముప్పావుగంట. మూత పెట్టొద్దు, నీళ్లు పోవడమే ఇక్కడ పని. అందుకే కుక్కర్ కూడా పనికిరాదు, అది త్వరగా ఉడికిస్తుంది కానీ నీళ్లని లోపలే దాచుకుంటుంది. చివర్లో బుడగలు చిన్నవై, ముద్ద గిన్నెకి అంటకుండా కదులుతూ, అంచుల్లో నూనె తేలుతుంది. టమాటా పచ్చడి మగ్గించిన చెయ్యికి ఆ ఘడియ చెప్పక్కర్లేదు. నాటు టమాటా అయితే పులుపు, రసం రెండూ ఎక్కువ కాబట్టి ఇంకో పావుగంట, అర చెంచా పంచదార వేయాల్సి రావచ్చు. కండ ఎక్కువున్న కోలటి హైబ్రిడ్ టమాటాలైతే త్వరగా దగ్గరపడతాయి, స్పెయిన్‌లో సాస్‌లకి వాడే పియర్ ఆకారపు టమాటాకి అవే దగ్గర.

ఇనుప మూకుట్లో చేయకండి. ఇంతసేపు పులుపు ఇనుము మీద ఉడికితే లోహపు రుచి వస్తుంది, రంగు నల్లబడుతుంది. అడుగు మందంగా ఉన్న వెడల్పాటి స్టీల్ గిన్నె చాలు. స్పెయిన్‌లో మట్టి గిన్నెలు కూడా వాడతారు, మన దగ్గర మంచి మట్టి పాత్ర ఉంటే అదీ బాగుంటుంది. లోతు గిన్నె మాత్రం వద్దు, ఆవిరి పోవడానికి చోటుండాలి.

దీనికి నేను మొదటి ఓటు ఎందుకు వేస్తానంటే, ఇది దేనికీ కట్టుబడదు. స్పెయిన్‌లో మసూర్ లాంటి పప్పుతో చేసే చిక్కటి పులుసుకి, శెనగలు పాలకూర కూరకి, చేపల పులుసుకి, మాంసానికి, ఎంపనాదా అనే కజ్జికాయ లాంటి దాని లోపల కూరడానికి అన్నిటికీ ఇదే మొదలు. మన ఇంట్లో రాజ్మాకో ఎగ్ కర్రీకో రెండు గరిటెలు వేసినా ఇముడుతుంది, ఎందుకంటే మసాలా ఏదీ ముందే పడలేదు. అందుకే సోఫ్రీతోలో అల్లం, గరం మసాలా, కరివేపాకు ముందే కలపొద్దంటాను. కావాలంటే వాడే రోజు వేసుకోండి.

ఒక మినహాయింపు. వాలెన్సియా వాళ్ల పాయెయా అనే అన్నం వంటకానికి ఉల్లి ఉన్న సోఫ్రీతో వాడితే అక్కడివాళ్లు ఒప్పుకోరు. ఉల్లి వల్ల అన్నం మెత్తబడుతుందంటారు, టమాటా ఒక్కటే మగ్గిస్తారు. పాయెయా కోసమే చేస్తుంటే ఉల్లి లేకుండా విడిగా ఒక చిన్న డబ్బా చేసి పెట్టుకోండి.

## కాటలాన్ నల్ల ఉల్లి: ఓపిక ఉన్నవాళ్లకి

ఇది సోఫ్రీతోలో పాతది. 14వ శతాబ్దపు కాటలాన్ (స్పెయిన్‌కి ఈశాన్యాన ఉన్న కాటలోనియా వాళ్ల) వంటల్లోనే ఉల్లిని కొవ్వులో నెమ్మదిగా మగ్గించే పద్ధతి ఉంది, అప్పటికి టమాటా ఐరోపాలో లేనే లేదు కదా. అమెరికా ఖండాల నుంచి టమాటా వచ్చి వంటింట్లో కుదురుకోడానికి చాలాకాలం పట్టింది, నేపుల్స్‌లో 1690ల్లో అచ్చయిన ఒక వంటల పుస్తకం టమాటా సాస్‌ని స్పెయిన్ పద్ధతి అని పరిచయం చేసింది. అంటే ఈ వంటలో ముందు నుంచీ ఉన్నది ఉల్లే, టమాటా తర్వాత వచ్చి చేరింది.

పద్ధతి అదే, కానీ ఉల్లి బంగారు రంగు దగ్గర ఆగదు. ఇంకా మగ్గి మగ్గి చింతపండు గుజ్జు రంగుకి వచ్చేదాకా ఉంచుతారు, అడుగంటబోతుంటే గరిటెడు నీళ్లు చల్లి గీకి మళ్లీ వదిలేస్తారు. గంటంబావు ఉల్లికే పోతుంది. టమాటా ఉల్లిలో సగం కూడా వేయరు. కిలో ఉల్లి చివరికి చిన్న గిన్నెడు అవుతుంది, అది చూసి నీరసపడే రకం మనుషులైతే మొదలుపెట్టొద్దు.

రుచి గాఢంగా ఉంటుంది, అన్నంతో చేసే వంటల్లో, నెమ్మదిగా ఉడికే మాంసంలో, చేపల్లో దీన్ని మించింది లేదు. కాటలాన్ వంటలో మొదట్లో ఇది, చివర్లో బాదం, వెల్లుల్లి, వేయించిన బ్రెడ్, కొత్తిమీర లాంటి పార్స్లీ ఆకు కలిపి నూరిన పికాదా అనే ముద్ద, రెండూ కలిస్తేనే వంట పూర్తయినట్టు. పప్పుల్లో, కూరగాయల పులుసుల్లో మాత్రం దీని తీపి ఎక్కువ అనిపిస్తుంది. ఉల్లి ధర పడిపోయినప్పుడు తప్ప దీనికి దిగొద్దు, ధర పెరిగినప్పుడు అసలు దీని పేరెత్తొద్దు.

## తీపి మిరప సోఫ్రీతో

క్యాప్సికం ఎక్కువున్నవాళ్లకి. ఉల్లి సగం మగ్గాక క్యాప్సికం సన్నటి ముక్కలు వేసి, అవి కూడా పూర్తిగా మెత్తబడ్డాకే టమాటా పోయాలి. టమాటా పులుపు ముందే తగిలితే ముక్కలు గట్టిగానే ఉండిపోతాయి. ఎర్రవి తీపి, పచ్చవి కాస్త చేదు, రెండూ సమానంగా ఉంటే మేలు. స్పెయిన్‌లో పొడవాటి పల్చటి పచ్చ మిరప వాడతారు, కారం ఉండదు. బజ్జీ మిరప దానికి కొంచెం దగ్గరే కానీ ఒక్కోదాంట్లో కారం దాగుంటుంది, గింజలు తీసి కొరికి చూసి వేయండి.

ముర్సియా, అలికాంతె వైపు న్యోరా అని గుండ్రటి ఎండు తీపి మిరపని నానబెట్టి గుజ్జు గీకి వేస్తారు. మన దగ్గర దొరకదు, బ్యాడిగి మిరపకాయ రంగు ఇస్తుంది, రుచి అంతా అది కాదు. ఓక్ కట్టె పొగ మీద ఆరబెట్టిన లా వెరా ప్రాంతపు తీపి మిరప పొడి దొరికితే మాత్రం అర చెంచా చాలు. మంట ఆపేశాక కలపండి, నూనెలో వేగితే క్షణంలో మాడి చేదవుతుంది.

చిక్కేమిటంటే క్యాప్సికం వాసన అన్నిటినీ కప్పేస్తుంది. అన్నాలకి, గుడ్లకి, చికెన్‌కి బాగుంటుంది. అన్నిటికీ ఒకే డబ్బా కావాలనుకునేవాళ్లకి ఇది కాదు.

## పిస్తో, సాంఫైనా: ఇవి పునాది కాదు, కూర

లా మాంచా ప్రాంతం వాళ్ల పిస్తోలో ఉల్లి, క్యాప్సికం, జుకీని, టమాటా ఉంటాయి, కొన్ని ఇళ్లలో వంకాయా వేస్తారు. కాటలోనియా వాళ్ల సాంఫైనాలో వంకాయ తప్పనిసరి. రెండూ సోఫ్రీతో మీదే నిలబడతాయి: ముందు ఉల్లి, మిరప మగ్గాలి, టమాటా కలవాలి, ఆ తర్వాతే మిగతావి. కానీ ముక్క ముక్కగా కనపడాలి, ముద్ద కాకూడదు.

జుకీనిని విడిగా పెద్ద మంట మీద కొంచెం నూనెలో వేయించి చివర్లో కలపండి, అన్నీ కలిపి ఉడికిస్తే నీళ్లు ఊరి పులుసవుతుంది. వంకాయ ముక్కలకి ఉప్పు రాసి అరగంట ఉంచి పిండేస్తే నూనె తక్కువ తాగుతాయి. పిస్తో మీద కోడిగుడ్డు వేపి పెట్టుకుని బ్రెడ్‌తో తినడం అక్కడి అలవాటు. జొన్నరొట్టెతో కూడా చాలా బాగుంటుంది, ఇది నా పక్షపాతం. సాంఫైనాని ఎండబెట్టిన కాడ్ చేపకి, కోడికి తోడుగా పెడతారు.

బీరకాయ, సొరకాయ వేయొచ్చా అంటే జుకీని స్థానంలో పిస్తోలో వేయొచ్చు, నీళ్లు ఇంకా ఎక్కువ వదులుతాయని గుర్తుంటే చాలు. బెండకాయ వద్దు, జిగురు ఈ వంటకి సరిపడదు.

ఫ్రీజర్లో పెట్టి తీశాక ముక్కలు మెత్తబడిపోతాయి. తినడానికి ఇబ్బంది లేదు కానీ మొదటిరోజు పిస్తో ఆనందం ఉండదు. రెండు మూడు రోజుల్లో తినేసేంతే చేయండి.

## ఎస్కలివాదా: పొయ్యి దగ్గర నిలబడలేని వాళ్లకి

వంకాయ, ఎర్ర క్యాప్సికం, ఉల్లి కోయకుండా నిప్పుల మీదో ఓవెన్లోనో కాల్చి, తొక్క తీసి, చేత్తో చీల్చి, ఆలివ్ నూనె, ఉప్పు చల్లి తినడమే. వంకాయ బజ్జీ పచ్చడికి కాల్చినట్టే. వేడి ఓవెన్లో వంకాయ, క్యాప్సికం 45 నిమిషాలు, ఉల్లికి గంట. సోఫ్రీతో లాంటి పునాది కాదు ఇది, కానీ వంకాయలు మాత్రమే మిగిలినప్పుడు సోఫ్రీతోలో కూరే ప్రయత్నం కన్నా ఇది వెయ్యి రెట్లు నయం.

## నిల్వ: ఇక్కడ జాగ్రత్త

మనకి ఆవకాయ అలవాటు. పైన నూనె తేలుతుంటే ఏడాది నిలుస్తుందని చేయి దానంతటదే నూనె సీసా మీదకి పోతుంది. కానీ ఆవకాయని కాపాడేది నూనె ఒక్కటే కాదు, అందులో గట్టి ఉప్పు, పులుపు, ఆవపిండి ఉన్నాయి. సోఫ్రీతోలో ఉప్పు రుచికి సరిపడేంతే, తేమ ఎక్కువ, ఉల్లి, వెల్లుల్లి, క్యాప్సికం పులుపు తక్కువున్నవి. పైన నూనె పోస్తే గాలి తగలదు, గాలి తగలని చోటే బొటులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషం కలిగించే సూక్ష్మజీవి పెరుగుతుంది. అది పెరిగినా వాసనా రంగూ మారకపోవచ్చు. కాబట్టి గది వేడిలో సీసాలో నూనె పోసి దాచడం అస్సలు వద్దు.

స్పెయిన్‌లో ఇళ్లలో సీసాల్లో నింపి మరిగే నీళ్లలో ఉంచి నిల్వచేసేది ఎక్కువగా ఒట్టి టమాటా. దానికి కూడా పులుపు సరిపోవాలి, పులుపుని కొలిచే పీహెచ్ అంకె 4.6 కన్నా తక్కువ ఉండాలి (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ). ఇప్పటి టమాటాలు ఆ గీతకి అటూఇటూ ఉంటాయి, అందుకే అరలీటరు సీసాకి షాపులో అమ్మే సీసా నిమ్మరసం పెద్ద చెంచాడు కలపమంటారు. ఉల్లి, క్యాప్సికం పడ్డాక ఆ పద్ధతికి నమ్మకం లేదు.

సులువైంది ఫ్రీజర్. చల్లారాక ఐస్ ట్రేలో నింపి గడ్డకట్టించి, గడ్డల్ని జిప్ కవర్లో వేసి తేదీ రాసుకోండి. మూడు నెలల్లో వాడేస్తే రుచి తగ్గదు. ఇద్దరికి వండుకునేదానికి రెండు మూడు గడ్డలు సరిపోతాయి. ఫ్రిజ్‌లో అయితే నాలుగు రోజులు, ఆపైన ఆశపడొద్దు. కరెంటు గంటల తరబడి పోయే ఊళ్లో ఉంటే పెద్ద మొత్తం చేయడమే దండగ, రెండు మూడు రోజులకి సరిపడా చేసుకోండి.

## మీరు ఎవరైతే ఏది

మేడమీద కుండీల్లో పెంచేవాళ్లకి కాయలు వారానికి కిలో, అరకిలో చొప్పున వస్తాయి, ఒక్కసారి గుట్టగా రావు. పండినవి పండినట్టు తురిమి గుజ్జు ఫ్రీజర్లో పోగేసి, మూడు నాలుగు కిలోలయ్యాక ఒక ఆదివారం మామూలు సోఫ్రీతో చేయండి. పెద్ద మొత్తానికి కాస్త ఎక్కువసేపు పట్టినా, నాలుగుసార్లు నిలబడే పని ఒక్కసారితో పోతుంది.

విదేశాల్లో పెరడున్నవాళ్లకి జుకీని తలనొప్పి. ఆగస్టులో వారానికోసారి పిస్తో, టమాటాలన్నీ సోఫ్రీతోకి. రెండిటినీ కలిపి ఒకే పెద్ద గిన్నెలో చేసి డీప్ ఫ్రీజర్ నింపొద్దు, అక్టోబర్‌కల్లా ఆ డబ్బాలు ఎవరూ ముట్టరు.

గదిలో ఒంటి పొయ్యి మీద వండుకునే కుర్రాళ్లకి కాటలాన్ ఉల్లి దండగ. మామూలు సోఫ్రీతో ఒక ట్రే చేసి పెట్టుకుంటే ఆఫీసు నుంచి వచ్చాక కోడిగుడ్డు, గ్లాసెడు బియ్యం, రెండు గడ్డలు, ఇరవై నిమిషాల్లో అన్నం రెడీ.

పిల్లలకి కారం పడని ఇళ్లలో తీపి మిరపది బాగా నడుస్తుంది, పాస్తాలో కలిపినా తింటారు. ఉల్లి వెల్లుల్లి తినని ఇళ్లకి టమాటా ఒక్కదాన్నే నూనెలో మగ్గించే వాలెన్సియా పద్ధతి ఉండనే ఉంది. బీపీ ఉన్నవాళ్లు చేసేటప్పుడు ఉప్పు చిటికెడు దగ్గరే ఆపి, వంటలో సరిచూసుకోవడం మేలు, దగ్గరపడేకొద్దీ ఉప్పదనం పెరుగుతుంది.

క్యారెట్, సెలరీ మిగిలాయని ఇందులో వేయొద్దు, అది ఇటలీ వాళ్ల దారి, వాటికి విడిగా చేయండి. ఆకుకూరలు మిగిలితే సోఫ్రీతో అయిపోయాక, తినే రోజున శెనగలతో పాటు వేయండి, ముందే వేసి ఫ్రీజర్లో పెడితే నల్లబడి వాసనొస్తాయి.